చలి మీద కట్టుకున్న ఊరు ఎల్లోనైఫ్

మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. ఉష్ణోగ్రత మైనస్ 22 డిగ్రీలు. నేను నడుస్తున్నది రోడ్డు మీదే. వేగ పరిమితి బోర్డులున్నాయి. పక్కనుంచి ఒక పికప్ ట్రక్కు వెళ్లింది, అందులో కూర్చున్న పెద్దాయన చెయ్యి ఊపాడు. అంతా మామూలు రోడ్డు లాగే ఉంది, కాకపోతే దాని కింద నేల లేదు. మీటరుకు అటూ ఇటుగా గడ్డకట్టిన నీరు, దాని కింద చీకటి నీళ్లు, ఇంకా లోతున సరస్సు అడుగు. ఉండుండి దూరంగా ఎక్కడో ‘ఢమ్’మని మోత. మొదటిసారి విన్నప్పుడు నా కాళ్లు ఆగిపోయాయి. ఐసు చలికి ముడుచుకుని పగుళ్లు విచ్చే చప్పుడట అది. భయపడవద్దని నేను దిగిన ఇంటావిడ ముందే చెప్పారు. ఆమె రిటైరైన టీచరు, ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నారు. అయినా ఒళ్లు వినదు కదా.

కెనడా ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని ఎల్లోనైఫ్ నుంచి, ఎదుటి ఒడ్డున ఉన్న డెట్టా అనే డెనే ఆదివాసుల పల్లెకు వెళ్లే శీతాకాలపు రోడ్డు ఇది. పొడవు ఆరున్నర కిలోమీటర్లు. వేసవిలో ఇదే చోట పడవలు తిరుగుతాయి.

ముందుగా ఒక మాట. పైనుంచి పొడిగా రాలేదానికీ, నీరు గడ్డకడితే వచ్చేదానికీ తెలుగులో మనం ఒకే ‘మంచు’తో సరిపెట్టుకుంటాం. మనకు అంతకన్నా అవసరం పడలేదు. ఎల్లోనైఫ్‌లో ఆ రెండూ కలిపితే కుదరదు. అందుకని ఈ వ్యాసంలో రాలేది మంచు, గడ్డకట్టింది ఐసు.

కెనడా అంటే మనవాళ్లకు టొరంటో, వాంకూవర్, నయాగరా. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువాళ్లలోనూ ఎల్లోనైఫ్ చూసినవాళ్లు నాకు ఒక్కరే తగిలారు. చూడకపోవడంలో ఆశ్చర్యమూ లేదు. 62.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 450 కి.మీ. దక్షిణాన ఉంటుంది. దక్షిణాదిన ఉన్న ఎడ్మంటన్ నుంచి రోడ్డు మీద వస్తే సుమారు 1,450 కి.మీ. 2021 జనగణనలో ఇక్కడి జనాభా 20,340. మన లెక్కలో ఒక పెద్ద మండల కేంద్రం. కానీ భారతదేశంలో ఐదింట రెండు వంతుల విస్తీర్ణమున్న ఆ టెరిటరీ జనంలో సగం మంది ఈ ఒక్క ఊళ్లోనే ఉన్నారు. ఊరు ఆనుకుని ఉన్న గ్రేట్ స్లేవ్ సరస్సు తెలంగాణలో నాలుగో వంతు ఉంటుంది. గరిష్ఠ లోతు 614 మీటర్లు, ఉత్తర అమెరికాలో ఇంత లోతైన సరస్సు మరొకటి లేదు.

విమానాశ్రయంలో సామాను తిరిగే పట్టా మధ్యలో గడ్డి కూరిన ధ్రువపు ఎలుగుబంటి నిలబడి మనల్ని ఆహ్వానిస్తుంది. ఊరి చుట్టుపక్కల మాత్రం అవి ఉండవు, వాటి తావు ఆర్కిటిక్ సముద్ర తీరం. ఎల్లోనైఫ్‌లో మీకు అడుగడుగునా కనిపించేది బొంత కాకి, మన కాకికి రెండింతలు. అంత చలిలోనూ దీపస్తంభం మీద కూర్చుని దర్జాగా అరుస్తుంది.

వెలుగు వలయం కింద

ఎక్కువమంది ఈ ఊరికి వచ్చేది ధ్రువకాంతుల కోసం. పాఠ్యపుస్తకంలో మనం చదివింది, సూర్యుడి నుంచి వచ్చిన విద్యుదావేశ కణాలు ధ్రువాల దగ్గర గాలిని తాకి వెలిగిస్తాయని. అది సగం నిజమే. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే సౌర పవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపున తోకచుక్క తోకలాగా సాగదీస్తుంది. బాగా సాగిన రబ్బరును వదిలినట్టు, ఆ తోకలోని క్షేత్ర రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. అలా విడుదలైన శక్తితో ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని భూమి వైపు దూసుకొస్తాయి. అందుకే అసలు వెలుగులు కనిపించేది సూర్యుడికి ఎదురుగా ఉన్న పగటి వైపు కన్నా రాత్రి వైపున, అర్ధరాత్రి ప్రాంతంలో.

ఆ ఎలక్ట్రాన్లు సరిగ్గా ధ్రువం మీద పడవు. అయస్కాంత ధ్రువం చుట్టూ గాజు తొడిగినట్టు ఒక వలయంలో పడతాయి. ఇక్కడే ఎల్లోనైఫ్ అదృష్టం ఉంది. భూ అయస్కాంత అక్షం భూభ్రమణ అక్షంతో కలవదు. ఉత్తరాన అది కెనడా వైపు ఒరిగి ఉంటుంది. కాబట్టి ఆ వలయం కూడా కెనడా వైపు దిగజారి ఉంటుంది. ఓస్లో, హెల్సింకీ నగరాలు 60 డిగ్రీల అక్షాంశంలో, అంటే దాదాపు ఎల్లోనైఫ్ ఎత్తులోనే ఉన్నా, అక్కడివాళ్లు మంచి ధ్రువకాంతి కోసం ఎదురుచూడాలి, లేదా ఇంకా ఉత్తరానికి పోవాలి. ఎల్లోనైఫ్ వాళ్లకు వలయం నడినెత్తిన ఉంటుంది. సౌర తుపాను రానక్కరలేదు, ఆకాశం తేటగా ఉంటే చాలు.

ఆకాశం తేటగా ఉండటం రెండో అదృష్టం. పడమటి నుంచి వచ్చే తేమ గాలులు దారిలోని పర్వతాలకే చాలా వరకు ఖర్చయిపోతాయి. ఎల్లోనైఫ్‌లో వానా మంచూ కలిపి ఏడాదికి పడే నీరు 290 మి.మీ. దాకా. కరువుకు మారుపేరైన మన అనంతపురంలో సగటు 550 మి.మీ. ఉంటుంది. అంటే ఇన్ని చెరువులూ ఇంత పెద్ద సరస్సూ ఉన్న ఈ ఊరు వాన లెక్కన అనంతపురం కన్నా బీద! నీళ్లు ఆవిరి కావడానికి వేడి లేదు, ఇంకడానికి రాతి నేల ఒప్పుకోదు, అంతే.

మొదటి రాత్రి నాకేమీ దక్కలేదు, మబ్బు. రెండో రాత్రి పదకొండున్నరకు ఊరి వెలుతురు దాటి ఒక చెరువు ఒడ్డున నిలబడ్డాం. ఉత్తరాన పొగ లాంటి తెల్లటి పట్టీ కనిపించింది. ఇంతేనా అనుకున్నాను. నిజం చెప్పాలంటే చాలాసేపు ఇంతే. తక్కువ వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు. కెమెరా ఎక్కువ సేపు కాంతిని పోగుచేసుకుంటుంది గనుక ఫోటోలో పచ్చగా వస్తుంది. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి వచ్చినవాళ్లు నిరాశపడేది ఇక్కడే. కానీ పన్నెండు దాటాక ఆ పట్టీ ఉన్నట్టుండి వెలిగింది. చీర ఆరేసినట్టు మడతలు పడి, ఆ మడతలు తూర్పు నుంచి పడమరకు పరుగెత్తి, నడినెత్తికి వచ్చేసరికి కొసలు గులాబీ రంగులోకి తిరిగాయి. కంటికే పచ్చదనం తెలిసింది. నేను ఫోన్ తీశాను. చలికి బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఒక విధంగా మేలే జరిగింది.

ఆ పచ్చదనం ఆక్సిజన్ పరమాణువులది, తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. ఎలక్ట్రాను దెబ్బతో శక్తి పొందిన పరమాణువు దాదాపు ముప్పాతిక సెకను ఆగి ఆ కాంతిని వదులుతుంది. అదే ఆక్సిజన్ 630 నానోమీటర్ల ఎరుపును వదలాలంటే దాదాపు రెండు నిమిషాలు ఆగాలి. వంద కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువులు అంత వ్యవధి ఇవ్వవు. ఈలోపే మరో అణువు వచ్చి గుద్దుకుని ఆ శక్తిని పట్టుకుపోతుంది. 200 కి.మీ. పైన గాలి బాగా పలచన, అక్కడ రెండు నిమిషాల తీరిక దొరుకుతుంది. అందుకే ఎరుపు ఎప్పుడూ పైన, పచ్చ కింద. అట్టడుగు అంచున కనిపించే గులాబీ రంగు నైట్రోజన్ పుణ్యం.

ఈ ఎరుపును మన దేశమూ చూసింది. 2024 మే 10 రాత్రి భారీ భూ అయస్కాంత తుపాను వచ్చినప్పుడు లదాఖ్‌లోని హన్లే పరిశోధనశాల కెమెరాలు ఆకాశంలో ఎర్రటి వెలుగును పట్టుకున్నాయి. అది కూడా ఎత్తయిన ఆక్సిజన్ వదిలిన 630 నానోమీటర్ల కాంతే. అలాంటి తుపాన్లు ఎలా పుడతాయో తెలుసుకోవడానికి శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల ఇవతల సూర్యుడి వైపు నిలిచి సౌర పవనాన్ని కొలుస్తోంది. సెకనుకు 400 కి.మీ. వేగంతో వచ్చే గాలి ఆదిత్యను దాటాక మన దగ్గరకు చేరడానికి పట్టేది గంటకు కాస్త పైన. ఎల్లోనైఫ్ రాత్రులు ఎలా ఉండబోతున్నాయో ముందు తెలిసేది అక్కడే.

మంచు రాజు కోట

పగలు సందడంతా సరస్సు మీద. ప్రతి మార్చిలో ఎల్లోనైఫ్ అఖాతం ఐసు మీద ‘స్నోకింగ్’ శీతాకాలపు ఉత్సవం జరుగుతుంది. 1990ల నడుమ, రంగురంగుల పడవ ఇళ్లలో ఉండేవాళ్లు తమ పిల్లలు ఆడుకోవడానికని కట్టిన చిన్న మంచు కోట ఇప్పుడు నెలపాటు సాగే ఊరి పండగగా మారింది. కోటలో జారుడుబల్లలు, వేదిక, బొమ్మలు చెక్కిన గోడలు. సాయంత్రాలు పాట కచేరీలు. వందల మంది దుప్పట్లంత కోట్లు వేసుకుని ఎగురుతుంటే లోపల గాలి ఆవిరితో మసక బారుతుంది. కిటికీలకు గాజు లేదు. సరస్సు నుంచి కోసిన ఐసు పలకలే అద్దాలు. గిటారు వాయించేవాడు వేళ్లు లేని గ్లవుసులు వేసుకుని పాటకీ పాటకీ మధ్య చేతులు చంకల్లో పెట్టుకోవడం నాకు బాగా గుర్తుంది.

ఇసుకలా రాలిపోయే పొడి మంచుతో అంతెత్తు గోడలు ఎలా నిలుస్తాయి? మంచును యంత్రంతో చిమ్మి, అచ్చుల్లో నింపి, అదిమి, ఒక రాత్రి వదిలేస్తారు. తెల్లారేసరికి అది గట్టిపడుతుంది. నీళ్లు పొయ్యలేదు, కరిగి మళ్లీ గడ్డకట్టలేదు. మరేం జరిగింది? ఇటుక బట్టీలో మట్టి కరగదు, కానీ కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరగా వేడెక్కేసరికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మంచుకూ అంతే. మైనస్ 20 మనకు చలి గానీ మంచుకు కాదు. కెల్విన్ మానంలో అది 253 డిగ్రీలు, మంచు కరిగేది 273 దగ్గర. అంటే తన కరిగే స్థాయిలో తొంభై శాతానికి పైగా అది ‘వేడి’గానే ఉంది. రేణువుల అంచుల నుంచి నీటి ఆవిరి మెల్లగా కదిలి అవి తాకే చోట మెడలాగా పేరుకుంటుంది. ఈ ఊరి మంచు కోట నిజానికి ఒక చల్లటి ఇటుక బట్టీ.

ఆ బట్టీకి ఒక గడువు ఉంది. మార్చి చివరికి పగలు పన్నెండు గంటలు దాటుతుంది, ఎండ నిటారవుతుంది, దక్షిణపు గోడలు పలచబడతాయి. ఉత్సవం ముగిశాక కోటను వాళ్లే పడగొట్టేస్తారు.

ట్రక్కుల కింద అల

పండగకు నేలగా ఉన్న ఆ ఐసే ఇక్కడి ఆర్థిక వ్యవస్థకూ నేల. ఊరికి 70 కి.మీ. దూరాన మామూలు రోడ్డు టిబ్బిట్ చెరువు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఉత్తరాన ఉన్న గనులకు ప్రతి శీతాకాలమూ ఒక రోడ్డు పుట్టి వసంతానికి చచ్చిపోతుంది. 1982 నుంచి ఇదే తంతు. దాని నిడివిలో ఎక్కువ భాగం చెరువుల మీదుగానే పోతుంది. 1991లో లాక్ డె గ్రా ప్రాంతంలో వజ్రాలు బయటపడ్డాక దాని విలువ ఎన్నో రెట్లు పెరిగింది. ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలంటే గోల్కొండ. ఇవాళ పేరున్న చోట్లలో ఇదొకటి. ఏడాదికి సరిపడా డీజిలూ సిమెంటూ యంత్రాలూ అన్నీ ఆ కొద్ది వారాల్లో ట్రక్కుల మీద పోవాలి.

బరువుతో వెళ్లే ట్రక్కు గంటకు 25 కి.మీ. దాటకూడదు. డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే వేగం. కారణం భౌతికశాస్త్రానిది. ట్రక్కు బరువుకు ఐసు పళ్లెంలా కొద్దిగా వంగుతుంది, ఆ పల్లం ట్రక్కుతో పాటే కదులుతుంది, కింద నీళ్లలో ఒక అల పుడుతుంది. ఐసు మందం, నీటి లోతులను బట్టి ఆ అలకు ఒక సొంత వేగం ఉంటుంది. ట్రక్కు వేగం దానికి సమానమైతే ఊగే ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోసినట్టు అల పెరిగిపోతుంది. ఐసు విరగొచ్చు, ముఖ్యంగా ఒడ్డు దగ్గర. అందుకని అల కన్నా మెల్లగా పోవడమే రక్ష.

రోడ్డు వేసేవాళ్లు మొదట చేసే పని ఐసు మీది మంచును తుడిచేయడం. మంచు దుప్పటి లాంటిది, కింద ఐసుకు చలి తగలనివ్వదు. దుప్పటి లాగేస్తే ఐసు తొందరగా మందమవుతుంది. కానీ ఐసు తనకు తానే దుప్పటి కూడా. ఎంత మందమైతే లోపలి వేడి బయటపడటం అంత కష్టం. అందుకే మందం చలి మొత్తానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. అర మీటరు పేరుకోవడానికి పట్టిన చలికి నాలుగింతలు పడితే గానీ మీటరు పేరుకోదు. అంటే చివరి పది అంగుళాలే అన్నిటికన్నా ఖరీదైనవి, ట్రక్కులకు కావలసిందీ అవే. శీతాకాలం కాస్త వెచ్చగా ఉంటే మొదట తగ్గిపోయేవీ అవే. 2006లో అదే జరిగింది. రోడ్డు ముందుగానే మూతపడి, మిగిలిన సరుకును విమానాల్లో మోయాల్సి వచ్చింది.

బంగారం కింద పాషాణం

డెనే భాషలో ఈ ఊరు ‘సోంబా కే’, డబ్బున్న చోటు. ఆ డబ్బు వజ్రాల కన్నా ముందు బంగారం. ఊళ్లో ఎక్కడ నడిచినా కాళ్ల కింద బయటపడి కనిపించే రాళ్లలో నల్లటి దిండ్ల వంటి లావా ఉంటుంది. 270 కోట్ల ఏళ్ల నాడు సముద్రపు అడుగున లావా చల్లబడి ఏర్పడిన దిండ్లవి. వాటి చీలికల్లోకి వేడి నీళ్లు బంగారాన్ని మోసుకొచ్చాయి. ఇది మనకు బాగా దగ్గరి కథ. కోలార్ గనుల రాళ్లదీ దాదాపు అదే వయసు, అదే పుట్టుక. రామగిరి, జొన్నగిరి బంగారానికీ ఆ వంశమే. (ఎల్లోనైఫ్‌కు దాదాపు 300 కి.మీ. ఉత్తరాన ఉన్న అకాస్టా రాళ్లయితే 403 కోట్ల ఏళ్ల నాటివి, భూమి మీద వయసు లెక్క తేలిన అతి పాత శిలల్లో ఒకటి. అక్కడికి రోడ్డు లేదు. నేను వెళ్లలేకపోయాను, ఆ బాధ ఉంది.)

ఊరి అంచున జయంట్ గని 1948లో మొదలై 2004లో ఆగింది. ఇచ్చిన బంగారం దాదాపు 220 టన్నులు. ఆ బంగారం ఆర్సినోపైరైట్ అనే ఖనిజంలో చిక్కుకుని ఉండేది. దాన్ని విడదీయడానికి ఖనిజాన్ని కాల్చారు. కాలిస్తే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పొగ వచ్చేది, చల్లారితే తెల్లటి పొడి. మన పెద్దలు తెల్ల పాషాణం అనేది దీన్నే. మొదటి ఏళ్లలో అది నేరుగా గొట్టంలోంచి గాల్లోకి పోయింది, మంచు మీద పడింది. అఖాతం ఒడ్డున ఉండే డెనే కుటుంబాలు చలికాలం తాగడానికి మంచునే కరిగించుకునేవి. 1951లో ఒక చిన్నారి ఆ విషంతో చనిపోయాడు. ఆ తర్వాత పొడిని పట్టి గనిలోని గదుల్లో నింపడం మొదలుపెట్టారు. గని మూతపడేనాటికి కింద చేరింది 2,37,000 టన్నులు. భాగించి చూడండి. ఒక కిలో బంగారానికి వెయ్యి కిలోలకు పైగా పాషాణం. అది నీళ్లలో కరిగే రకం. గదులు ఉన్నది సరస్సు పక్కన.

అసలు ఆలోచన ఏమిటంటే, నేల ఎలాగూ ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది, పొడి కూడా అందులో గడ్డకట్టి కదలకుండా ఉండిపోతుందని. గని తవ్వకమే ఆ నేలను వెచ్చబరిచి ఆ ఆశను చెడగొట్టింది. ఇప్పుడు ప్రభుత్వం ఎంచుకున్న మార్గమూ అదే, కాకపోతే ఈసారి పట్టుబట్టి చల్లబరుస్తారు. గదుల చుట్టూ థర్మోసైఫన్లు అనే పొడవాటి గొట్టాలు దింపుతారు. లోపల ఒత్తిడితో నింపిన కార్బన్ డయాక్సైడ్, పైన చలికి రెక్కలు విప్పినట్టున్న లోహపు పలకలు. శీతాకాలంలో పైన వాయువు ద్రవమై గోడల వెంట కిందికి జారుతుంది. కింద నేల వేడిని పీల్చుకుని ఆవిరై మళ్లీ పైకి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు. వేసవిలో పైన వెచ్చబడగానే చక్రం తనంతట తానే ఆగిపోతుంది. వేడి బయటికి పోతుంది తప్ప లోపలికి రాదు. అలాస్కా చమురు గొట్టపు మార్గం కింద, చింగ్‌హై-టిబెట్ రైలు పట్టాల పక్కన పనిచేస్తున్నవీ ఇవే. 2022 అంచనా ప్రకారం మొత్తం శుద్ధి ఖర్చు 438 కోట్ల కెనడా డాలర్లు. విషం పోదు, గడ్డకట్టి ఉంటుందంతే. కాపలా కాయాల్సింది ఎన్నాళ్లని అడిగితే, ఎప్పటికీ అన్నదే జవాబు.

మన దగ్గర కోలార్‌లో 2001లో గనులు మూసేశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కన ఇళ్లున్నవాళ్లకు ఈ కథ చెప్పనక్కరలేదు. గాలి వీస్తే దుమ్ము. ఇక్కడ తేడా ఒకటే, ఆ దుమ్మును అదుపు చేసే బాధ్యతను చలికి అప్పగించారు.

ఆ చలి తగ్గుతోంది. 1948 నుంచి 2016 దాకా కెనడా సగటున 1.7 డిగ్రీలు వేడెక్కితే, ఉత్తర కెనడా 2.3 డిగ్రీలు వేడెక్కిందని ఆ దేశ ప్రభుత్వ నివేదిక 2019లో చెప్పింది. థర్మోసైఫన్ల రూపకల్పనలో రాబోయే వేడిమినీ లెక్కలోకి తీసుకున్నారు. నేల కన్నా శీతాకాలం చల్లగా ఉన్నంతకాలం అవి పనిచేస్తాయి. ఐసు రోడ్డుకు అలాంటి కవచమేదీ లేదు. మంచు కోటకు అసలే లేదు. ఊరికి ఉన్న ఒకే ఒక హైవే మీద కూడా కింది నేల కరిగి కుంగిన చోట్ల కారు సముద్రంలో పడవలా ఊగుతుంది.

నేను చలి గురించి అడిగితే మా ఇంటావిడ మంట గురించి చెప్పారు. 2023 ఆగస్టు 16న ఊరు మొత్తం ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. కార్చిచ్చు సుమారు 15 కి.మీ. దాకా వచ్చేసింది. దాదాపు 20,000 మంది ఆ ఒక్క రోడ్డు మీదా, విమానాల్లోనూ బయటపడ్డారు. ఆమె పక్కింటి ముసలాయన్ని, రెండు పిల్లుల్ని కారులో వేసుకుని పొగలో మెల్లగా వెళ్లారట. మూడు వారాల తర్వాత తిరిగి వస్తే ఫ్రిజ్‌లో అన్నీ కుళ్లిపోయి ఉన్నాయి, ఇల్లు మాత్రం ఉంది. ఆ సాయంత్రం సరస్సు మీదికి వెళ్లి కూర్చోవాలనిపించిందట. పడవ లేదు, ఐసూ లేదు, ఒడ్డునే కూర్చున్నారట.

వెళ్లాలనుకునేవారికి

ధ్రువకాంతులు కనిపించేది ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా. ఆగస్టు చివర, సెప్టెంబరులో చెరువులు ఇంకా గడ్డకట్టవు, వెలుగులు నీళ్లలో కూడా కనిపిస్తాయి, కానీ ఆ నీళ్ల నుంచి లేచే ఆవిరి మబ్బులు పట్టే అవకాశమూ ఎక్కువే. చలికి ఓర్చుకోగలిగితే మార్చి మంచిది. స్నోకింగ్ ఉత్సవం, ఐసు రోడ్డు, తేట రాత్రులు కలిసొస్తాయి. విషువత్తుల ప్రాంతంలో, అంటే మార్చి, సెప్టెంబరులలో, భూమి అయస్కాంత క్షేత్రం సౌర పవనానికి అనువైన కోణంలో ఉంటుంది గనుక అలజడులు కాస్త ఎక్కువ. కనీసం మూడు రాత్రులు ఉండండి. మైనస్ 30కి సరిపోయే కోటూ బూట్లూ అక్కడే అద్దెకు దొరుకుతాయి, హైదరాబాదులో కొన్నవి పెద్దగా పనికిరావు. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, నా అనుభవం చెప్పాను కదా.

వేసవిలో వెళ్తే అది మరో ఊరు. జూన్ చివర 20 గంటల పగలు, మిగిలిన నాలుగు గంటలూ సంధ్యే. జులైలో లాంగ్ లేక్ ఒడ్డున 1980 నుంచి జరుగుతున్న ‘ఫోక్ ఆన్ ద రాక్స్’ సంగీతోత్సవం ఉంటుంది. పాత ఊళ్లోని రాతి గుట్ట మీద బుష్ పైలట్ల స్మారకం దగ్గర నిలబడితే నీళ్ల మీద దిగే విమానాలు కనిపిస్తాయి. ఇంగ్రహమ్ ట్రెయిల్ వెంట పోతే కామెరాన్ జలపాతం. దోమలు మాత్రం మన గోదావరి లంకల దోమల్ని మరిపిస్తాయి. గని ప్రభావం ఉన్న కొన్ని చిన్న చెరువుల్లో ఈదవద్దని, చేపలు పట్టవద్దని ప్రభుత్వ హెచ్చరికలు ఉంటాయి, బోర్డులు చూసుకోండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

నేను తిరిగి వచ్చాక ఏప్రిల్ చివర్లో ఆవిడ ఒక ఫోటో పంపారు. డెట్టా రోడ్డు మొదట్లో అడ్డంగా పెట్టిన బారికేడు, దాని వెనక ఐసు మీద నిలిచిన నీలం నీళ్లు, అందులో ముక్కు ముంచి చూస్తున్న ఒక బొంత కాకి. ఇక మళ్లీ చలికాలం దాకా ఆరున్నర కిలోమీటర్ల ఆ పల్లెకు చుట్టు తిరిగి 27 కి.మీ. వెళ్లాలి.